మోకాలి కవచము



ఊరగాయలను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, వ్రతకథలను గూర్చియు చదువుట కలవాటుపడిన మీకు, మోటారుసైకిలు నడుపువారు మోకాళ్లకు తొడుగుకొను కవచములను గూర్చి ఒక గృహిణి వ్రాయబూనుట వింతగా తోచవచ్చును. “పంతులుగారి భార్యకు మోటారుసైకిళ్లతో నేమి పని?” అని మీరు నవ్వినను నాకు కోపము లేదు. రెండేండ్లకు పూర్వము నేనును అట్లే నవ్వియుందును. కాని మన యిండ్లలోని తమ్ములు, కొడుకులు, మరుదులు, ఇప్పుడు మరదండ్రును కోడండ్రును గూడ ఆదివారమున తెల్లవారకమునుపే లేచి, రాళ్లదారుల వెంట బండ్లు నడుపుకొనుచు పోవుచున్నారు. వారు తిరిగి వచ్చువరకు వీధివైపు చూచుచుండువారము మనము. కావున వారి కాలికి తొడుగు వస్తువు ఎట్టిదో తెలిసికొనుట మనకును అవసరమే యని నా మనవి.

మా కాపురము హిందూపురములో. మా తమ్ముడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. 2016లో హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ 200 అను బండ్లు మన దేశములో అమ్మకమునకు వచ్చిన పిమ్మట, రాళ్లలోను ఇసుకలోను ఎండిన యేళ్లలోను బండి నడుపు సరదా సామాన్యోద్యోగులకు గూడ అందుబాటులోనికి వచ్చినది. మా తమ్ముడును అట్టి బండి యొకటి కొని, శనివారము రాత్రికి మా యింటికి వచ్చి, మరునాడు వేకువను పెనుకొండ కొండలవైపు స్నేహితులతో పోవుచుండెడివాడు. శిరస్త్రాణము, ఎత్తైన బూట్లు, చేతితొడుగులు మొదలగు సామగ్రి యంతయు మా వసారాలోనే యుండెను. ఆ సామగ్రిలో మోకాలి బ్రేసుల జత యొకటి గోడమేకుకు వ్రేలాడుచుండెను. అది ఎన్నడును మేకు దిగగా నేను చూడలేదు.

ఒకనాడు “ఇవి యేల తొడుగుకొనవు?” అని యడిగితిని. “అక్కా! చొక్కా మీడియము సైజు గదా యని ఇవియు మీడియమే తెప్పించితిని. బండి పది నిమిషములు నడుపునప్పటికి బూటు మీదికి జారి కూర్చుండును. నడచుటకును వీలులేదు, నిలుచుటకును వీలులేదు. వేలకు వేలు పోసి కొన్నందుకు పారవేయలేక తగిలించితిని” అనెను. నేను ఊరకుంటిని. ఆ యూరకుండుటయే నేటికిని నన్ను బాధించుచున్నది.

ఆ నెలలోనే అతడు పడెను. పెద్ద వేగము లేదు. వానకు కోసుకొనిపోయిన గాడిలో ముందుచక్రము దిగగా, బండి ఒరగకుండ ఎడమకాలు నేల నానించెను. పాదము రెండు రాళ్లనడుమ ఇరుకుకొనెను. బండి మాత్రము ముందునకు సాగెను. పాదము నిలిచి దేహము తిరిగెను. లోపల ఏదో ‘టప్పు’మని తెగినట్లు తెలిసెనట. ఎముక విరుగలేదు, చర్మము చిట్లలేదు; గంటలో మోకాలు గుమ్మడికాయవలె ఉబ్బెను. తీసిన పటములలో ఏ.సీ.ఎల్. అను లోపలి లిగమెంటు తెగినదని తేలెను. తొడ వెనుక నుండి నరమువంటి స్నాయువు తీసి దాని స్థానమున అమర్చిరి. మరల బండి యెక్కుటకు తొమ్మిది నెలలు పట్టెను.

మా యమ్మ ఆసుపత్రి మంచము ప్రక్కన కూర్చుండి, “కవచము కొనుక్కొని మేకుకు తొడిగినావా, నాయనా!” అని యేడ్చినది. బండి అమ్మివేయుమని ఒట్టు పెట్టబోయినది. అప్పుడు మావారు ఆమె నాపి, “అత్తయ్యా! చెట్టెక్కవద్దని పిల్లలతో చెప్పుచు పదునైదేండ్లుగా బడిలో ఉన్నాను. వద్దన్నందువలన మానినవాడు నాకు కనబడలేదు. నా కంట పడకుండ ఎక్కినవారు మాత్రము కలరు. ఏ కొమ్మ గట్టిదో చెప్పుటయే మేలని నేర్చుకొంటిని” అనిరి. ఆ మాట నా మనస్సున నాటుకొనెను. తమ్ముని కాలు కుదుటబడు తొమ్మిది నెలలలో వైద్యుని అడిగియు, వ్యాయామము చేయించు ఫిజియోథెరపిస్టును అడిగియు, తయారీదారుల పట్టికలు చదివియు నేను తెలిసికొన్నది ఈ క్రింద వ్రాయుచున్నాను.

మోకాలు తలుపుకీలు వంటిదని మనము తలంతుము. తలుపుకీలు ఒక్క చీల చుట్టు తిరుగును. మోకాలు అట్లు కాదు. కాలు మడుచునపుడు తొడయెముక చివర క్రింది యెముకపై దొర్లుచు, కొంచెము జారుచు పోవును. కావున తిరుగుడునకు ఇరుసైన చోటు కాలు మడిచినకొలది కొంచెము కొంచెము మారుచుండును. ఈ యెముకలను పట్టియుంచునవి ముఖ్యముగా నాలుగు లిగమెంట్లు. ఇరుప్రక్కల రెండు, నడుమ కత్తెర ఆకులవలె ఒకదాని కొకటి అడ్డముగా రెండు. ఎముకల నడుమ అర్ధచంద్రాకారపు మెత్తలు రెండు. వానిని మెనిస్కసు లందురు. ముందట చిప్ప. ఇంతటి సున్నితపు అమరికకు మట్టిదారిలో మూడు విధముల ఆపద కలుగును: రాతికో బండికో తగిలి చిప్పపై పడు దెబ్బ మొదటిది, బండి యెగిరి దిగినపుడు కాలు ఉండవలసినదాని కంటె ఎక్కువ తిన్నగై వెనుకకు విఱుగబోవుట రెండవది, మా తమ్మునికి వచ్చిన మెలికయు, ప్రక్కకు వంగుటయు మూడవది.

అంగళ్లలో ఈ ఆపదలకు రెండు జాతుల వస్తువులు అమ్ముదురు. పేర్లు దగ్గరగా నుండుటచే పలువురు భ్రమపడుదురు. మొదటిది మోకాలి గార్డు. ఇది గట్టి చిప్పయు లోపల మెత్తయు గల తొడుగు. దెబ్బను వెడల్పుగా పంచి లోనికి పోనిచ్చు శక్తిని తగ్గించును. ఐరోపావారి ఈ.ఎన్. 1621-1 అను ప్రమాణము ఈ గార్డులకు వర్తించును. 50 జౌళ్ల శక్తిగల దెబ్బ కొట్టి, లోపలివైపునకు ఎంత బలము చేరినదో కొలుతురు. సగటున 35 కిలోన్యూటన్లకు మించనిది ఒకటవ స్థాయి, 20కి మించనిది రెండవ స్థాయి. కావున చీటీపై రెండవ స్థాయి యని యున్నది మేలైనది. కాని ఆ పరీక్ష దెబ్బకు మాత్రమే, మెలికకు గాదు. గార్డు తొడుగుకొన్న కాలు మెలిపడిన యెడల గార్డును దానితో పాటు తిరుగును.

రెండవది బ్రేసు. తొడచుట్టు ఒక చట్రము, పిక్కచుట్టు ఒక చట్రము, వానిని మోకాలికి ఇరుప్రక్కల కలుపు కీళ్లు: ఇది దాని నిర్మాణము. చట్రము కార్బన్‌ఫైబరుతోనో, లోహముతోనో, గట్టి ప్లాస్టిక్కుతోనో చేయుదురు. కాలు పరిమితిని మించి తిన్నగా కాకుండ ఆపుటయు, ప్రక్కకు వంగకుండ నిలుపుటయు దీని పని. మెలికను కొంతవరకే ఆపగలదు. ఏలయన చట్రము ఎముకను గాక మెత్తని కండను పట్టుకొనియుండును. 2011లో అమెరికా వైద్యులు రెండువేలకు పైగా మట్టిదారి చోదకులను పరిశీలించి ప్రకటించిన ఫలితములలో, బ్రేసు తొడుగుకొన్నవారికి మోకాలి గాయములు, అందు ఏ.సీ.ఎల్. తెగుటయు లోవైపు ప్రక్క లిగమెంటు గాయపడుటయు, తొడుగుకొననివారి కంటె తక్కువగా నుండెను. తక్కువ యనుటయే గాని లేవని కాదు. బ్రేసు కర్ణుని సహజకవచము వంటిది కాదని ఎరిగి తొడుగవలెను.

ఇక ఎన్నిక. ఇందు మొదటి మాటయు కడపటి మాటయు ఒక్కటే: కాలిని కొలువక కొనరాదు.

మనము గాజులు ఎట్లు తొడిగించుకొందుము? గాజులవాడు చేయి చూచి, మెటికలు నొక్కి, ఆ చేతికి తగినవి తీయును. అక్కచెల్లెండ్రకైనను చేతి కొలత లేక గాజులు పంపము. అట్టి మనము, వేలకొలది రూపాయల బ్రేసును చొక్కా సైజు చూచి కొన్న తమ్ముని తెలివికి నవ్వవలసినదే. అతడొక్కడే కాడు, ఆ పని పలువురు చేయుదురట. దక్షిణాఫ్రికావారి లియాట్, ఆస్ట్రేలియావారి పాడ్, ఇటలీవారి ఆల్పైన్‌స్టార్స్, అమెరికావారి ఆస్టరిస్క్, ఈ.వీ.ఎస్. మొదలగు పేర్లు మీ యింటివారి నోట వినియుందురు. ఎవరి కొలతపట్టిక వారిదే. ఒకరి మీడియము మరియొకరి లార్జి కావచ్చును. కావున మొదట ఎంచుకొన్న బ్రేసు పట్టికను తెప్పించుకొని, అందు చెప్పిన చోటులనే కొలువవలెను.

పలు పట్టికలలో అడుగు కొలతలు మూడు. మోకాలిచిప్ప నడిబిందువునుండి పైకి 15 సెంటీమీటర్లు, అనగా సుమారు 6 అంగుళములు కొలిచి అక్కడ తొడ చుట్టుకొలత. చిప్ప నడుమ మోకాలి చుట్టుకొలత లేదా వెడల్పు. చిప్పనుండి క్రిందికి అంతే దూరమున పిక్క చుట్టుకొలత. రవికె కొలతకు వాడు గుడ్డటేపే చాలును. ఎవరి కాలు వారు వంగి కొలిచికొన్నచో కండ బిగిసి కొలత తప్పును, మరియొకరు కొలువవలెను. చర్మముపైననే కొలువవలెను గాని పంట్లాముపై కాదు. రెండు కాళ్లను వేర్వేరుగా కొలువవలెను. మా తమ్ముని శస్త్రచికిత్స జరిగిన కాలి తొడ రెండవదానికంటె సన్నగిల్లియున్న సంగతి మొదట నా టేపునకే తెలిసినది. ఆ మాట విని ఫిజియోథెరపిస్టు, ముందు తొడకండ పెంచుమనియు, కండయే లోపలి బ్రేసనియు చెప్పెను. అందుచేత కొనుగోలు రెండు నెలలు వెనుకకు పోయినది, మేలే జరిగినది.

వస్తువు ఇంటికి వచ్చిన పిమ్మట చూడవలసినది కీలుస్థానము. బ్రేసు కీలు మోకాలి కీలునకు సరిగా ప్రక్కన నిలువవలెను. ఒక అంగుళము క్రిందికి జారినను బ్రేసు ఒకచోట, కాలు మరియొకచోట మడుచుకొనును. కాపాడవలసిన వస్తువే గుంజులాడును. కీలు లోపల ఇరుప్రక్కల నుండు మెత్తలు మోకాలి యెముకల ఉబ్బును రెండువైపుల మృదువుగా పట్టవలెను. పలు బ్రేసులతో పలుచని మెత్తలును మందపు మెత్తలును వచ్చును. సైజు సరియై కొంచెము వదులున్నయెడల మెత్త మార్చి సరిచేయవచ్చును. సైజే తప్పినపుడు మెత్తలతో సరిచేయబూనుట పెద్ద చెప్పులో గుడ్డపేలికలు కుక్కుకొనుట వంటిది.

పట్టీలలో ప్రాణమువంటిది మోకాలికి దిగువగా, పిక్క ఉబ్బునకు పైన పట్టునది. పిక్క ఉబ్బుపై అది నిలిచియుండుట చేతనే బ్రేసు క్రిందికి జారదు. ఏ పట్టీ ముందు బిగింపవలెనో తయారీదారు వ్రాసిన క్రమమును తప్పరాదు. కాలు తిమ్మిరెక్కినచో బిగువు ఎక్కువైనదని గుర్తు. పెక్కు బ్రేసుల కీలులో చిన్న అడ్డుముక్కలు మార్చి, కాలు పూర్తిగా తిన్నగా కాకమునుపే 5, 10 లేదా 15 డిగ్రీలవద్ద ఆగునట్లు చేయవచ్చును. పూర్వము గాయపడినవారు వైద్యుని యడిగి దీనిని నిర్ణయించుకొనవలెను. ఊరక ఎక్కువ పెట్టుకొన్నచో బండిపై నిలుచుండి నడుపునపుడు కాలు సహజముగా చాగదు.

బ్రేసు క్రింద చర్మము ఒరయకుండ పలుచని సాగుడు తొడుగు వేసికొందురు. బ్రేసు పంట్లాము లోపల నుండవలెను; కావున మోకాలివద్ద వెడల్పుగా కుట్టిన ఆఫ్‌రోడ్డు పంట్లాము కావలెను. దాని క్రింది యంచు బూటులోనికి చక్కగా దిగుచున్నదో, లేక బూటు అంచున ఆనుకొని పైకి నెట్టబడుచున్నదో చూడవలెను. కాబట్టి బూట్లు కొన్న పిమ్మటనే బ్రేసు కొనుట, బ్రేసు తొడిగి చూచు రోజున బూట్లును తొడిగి చూచుట ఉత్తమము. లోవైపు కీలు మిక్కిలి మందమైనచో, నిలుచుండి నడుపునపుడు మోకాళ్లతో బండిని పట్టుకొనుటకు అడ్డమగును.

తొడిగిన వెంటనే సరిపోయినదని సంతసింపరాదు. చీటీలు చింపక, ఇంటిలోనే అరగంటసేపు ఉండనిచ్చి, కూర్చుండి, గొంతుకూర్చుండి, మెట్లెక్కి దిగి, నిలిచియున్న బండిపై ఎక్కి నిలుచుండి చూడవలెను. పిమ్మట కీలు మొదట నున్నచోటనే యున్నదేమో పరీక్షింపవలెను. చర్మముపై ఎఱ్ఱని గాట్లు పడినచో ఆ సైజో, ఆ మూసో ఆ కాలికి పనికిరాదు. తిరిగి పుచ్చుకొను నియమము ముందుగా తెలిసికొని కొనుట గృహిణి లక్షణము.

ఈ పాఠమునకు పరీక్ష మొన్న సంక్రాంతికి వచ్చినది. మా మరదలును ఇప్పుడు బండి నడుపుచున్నది. బెంగుళూరు యువతి ఐశ్వర్య పిస్సే 2019లో ఎఫ్.ఐ.ఎమ్. బాజాస్ ప్రపంచకప్పు స్త్రీల విభాగమున గెలిచినప్పటినుండి ఆ పిల్లకు ఈ కోరిక. తమ్మునికి కొలిచి క్రొత్త జత తెప్పించితిమి గదా. పాతది మేకుననే యున్నది. “వదినా! ఇవి ఊరకే యున్నవి, నేను తొడుగుకొందునా?” అని యడిగినది. మిగిలిన వస్తువు వృథా కారాదనునది మన యిండ్ల ధర్మము. నాకును నోటివరకు ‘సరే’ యని వచ్చినది. ఐనను టేపు తీసితిని. తొడ కొలతకు ఆ జత ఇంచుమించు సరిపోయినది. పిక్క కొలతకు రెండు సైజులు పెద్దది. తొడిగి వసారాలో నాలుగుమారులు తిరుగునప్పటికి కీలు చిప్ప దిగువకు దిగినది. “చూచితివా అమ్మాయీ! ఇది మీ ఆయనను కాపాడలేదు, నిన్నును కాపాడదు” అంటిని. ఆమె చిన్నబుచ్చుకొన్నది. కాని ఆ జత ఆనాడే ఇల్లు వదలినది. దానికి తగిన కాలుగల అతని స్నేహితుడొకడు కొలిచి చూచుకొనియే కొనిపోయెను.

జనులు చెప్పుకొను కథ యొకటి మీరెల్లరు వినియుందురు. గాంధారి కనుగట్టు విప్పి కుమారుని చూడగా, చూపు సోకిన మేనెల్ల వజ్రమైనదట. వస్త్రము కప్పిన తొడలు మాత్రము మెత్తగా మిగిలినవట. భీముని గద అచ్చటనే పడినది. ఆ తల్లి ప్రేమకు కొరత లేదు. రక్ష అందవలసిన చోట అందలేదు, అంతియే.

పిల్లలకు కొనువారికి ఒక మాట. ఈ యాటలో పసివారికి గూడ చిన్న సైజుల బ్రేసులు దొరకును. ఎదుగు పిల్లకు లంగా పొడవుగా కుట్టించి లోన మడత పెట్టు అలవాటు మనకు కలదు. బ్రేసు విషయమున ఆ పొదుపు కూడదు. నేటి కాలికి నేటి కొలతయే. వచ్చు యేడాదికి సరిపోవునది ఈ యేడాది జారిపోవును. కొన్ని నెలలకొకమారు మరల కొలిచి, చాలనపుడు మార్చవలెను. అంత వ్యయము భరింపలేమనుకొన్న యెడల, సరిపోని బ్రేసు కంటె చక్కగా అమరిన రెండవ స్థాయి గార్డు మేలు. కాని అది మెలికను ఆపదని పిల్లవానికి చెప్పి, వేగమును, దారిని తగ్గించుట పెద్దల విధి.

ధర విషయము. జత పలువేల రూపాయలు. మేలిరకపు కార్బన్ జత ధర ఒక చిన్న మోటారుసైకిలు ధరను సమీపించును. ధర పెరిగినకొలది తేలికయు, నాజూకును పెరుగవచ్చును గాని, అమరిక దానంతట రాదు. కావున కొలత కుదిరిన మధ్యమపు జతను, కొలత కుదరని ఖరీదైన జతకంటె ముందుగా నెంచవలెను. సవారి ముగిసిన పిమ్మట బురద కడిగి, లోని మెత్తలను ఊడదీసి సబ్బునీటితో ఉతికి నీడను ఆరవేయవలెను. మరలు వదులైనవో, పట్టీలు సాగినవో, చట్రమున బీటలున్నవో చూడవలెను. గట్టిగా పడిన దినమున ఈ పరీక్ష తప్పరాదు.

ఇప్పుడు మా వసారా గోడకు రెండు మేకులున్నవి. ఒకటి తమ్మునిది, ఒకటి మరదలిది. ఆదివారము వేకువను బండ్ల చప్పుడు వీధి మలుపు దాటగానే నేను దీపము పట్టుకొని ముందుగా ఆ గోడను చూతును. రెండు మేకులును వట్టివైనచో, పొయ్యి రాజేసి కాఫీకి నీళ్లు పెట్టుకొందును. భయము పోయినదని చెప్పజాలను. చేయదగినది చేసితినను నెమ్మది మాత్రము కలదు. మీ యింటి గోడకును అట్టి మేకు ఉన్నయెడల, నేడే టేపు తీసి ఆ కాలిని పిలువుడు.